అన్నయ్య గుండెలోని వల

మొన్న రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టరు గారు తెర మీద నా గుండె రక్తనాళం చూపించి, ఇక్కడ సన్నబడిందమ్మా, స్టెంట్ వేయాలి అన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. భయం సూదికి కాదు. ఇదే మాట ఒకప్పుడు మా అన్నయ్య పక్కన కూర్చుని విన్నాను.

అన్నయ్య మొగల్తూరు దగ్గర సముద్రం మీద చేపల వేట చేసేవాడు. నేను చదువుకుని టీచరునయ్యానని ఆస్పత్రికి నన్నే తోడు రమ్మనేవాడు. ముడుచుకున్న సన్నటి లోహపు జాలీని నాళంలోకి పంపి, లోపల బుడగ ఊది విప్పుతారని, అది రక్తానికి దారి తెరిచి ఉంచుతుందని అప్పటి డాక్టరు బొమ్మ గీసి చెబితే, అన్నయ్య ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

“ఇది వలే కదండీ. వలన్నాక చెత్త పట్టుద్ది. లోపలున్నదాన్ని ఎవరు దులుపుతారండీ?”

డాక్టరు నవ్వి, అందుకే ఈ మాత్రలు, రక్తం గడ్డకట్టి దానికి పట్టుకోకుండా చూస్తాయి, నేను చెప్పేదాకా ఒక్క పూట కూడా మానొద్దు అన్నారు. స్టెంట్ వేయించుకుని వచ్చాక అన్నయ్య రోజూ వేట నుంచి తిరిగొచ్చి, వల దులిపి ఆరేసి, ఇక లోపలిది కూడా దులిపేద్దాం అంటూ మాత్ర వేసుకునేవాడని వదిన ఫోన్లో చెప్పి నవ్వేది. నేనూ నిశ్చింతగా ఉన్నాను.

వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే రోజులని ఏటా పెట్టే వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డుకెక్కాయి, వలలు మడిచి పాకలో పెట్టారు. సెలవులకు నేను వెళ్లేసరికి మాత్రల అట్టలు విప్పకుండా అలాగే ఉన్నాయి.

“ఏంటన్నయ్యా ఇది?”

“వేటే లేదు కదమ్మా, వలకి చెత్తెక్కడిది? నీ కేకలు బళ్ళో పిల్లల మీద వేసుకో.”

“సముద్రం మీద వేట ఆగింది గానీ నీ ఒంట్లో రక్తం ఆగిందా?”

నవ్వుతూనే నా ముందు మాత్ర వేసుకున్నాడు. వదిన, నేను చెబితే గాలికి పోద్ది, చెల్లెలు చెబితే మాత్రం గొంతు దిగుద్ది అని దెప్పింది.

మర్నాడు పొద్దున్నే నొప్పి వచ్చింది. భీమవరం వైపు కారులో తీసుకువెళుతుంటే అన్నయ్య చెయ్యి పట్టుకుని, ప్రతి ఊరి దగ్గరా ఇంకెంత దూరమని డ్రైవరును అడుగుతూనే ఉన్నాను. ఊపిరి దారిలోనే ఆగిపోయింది. స్టెంటులో రక్తం గడ్డకట్టి ఉంటుందన్నారు ఆస్పత్రిలో.

ఇప్పుడు నాకింకా స్టెంట్ వేయనే లేదు, వదిన మాత్రం రోజూ ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని అడుగుతోంది. ఒకప్పుడు వేట ఆపే నెలల కోసం ఆమె ఎదురుచూసేది, గాలి లేచినా మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా అని. ఒడ్డున ఉన్న మనిషికి ఏమీ కాదనే ఆ ధైర్యం మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ లేదు.