గంధరాజం కాయా, మా అత్తాకోడళ్ల మొహాలూ

మా బాల్కనీలో విరగబూసిన మొక్కను చూసి ఎవరైనా "నందివర్ధనం బాగా పూసిందండీ" అంటే నేను ఊరుకోలేకపోయేదాన్ని. "అది నందివర్ధనం కాదండీ, గంధరాజం" అని సరిదిద్దేదాన్ని. అక్కడితో ఆపినా నా గౌరవం కాస్త నిలిచేది. రెండూ తెల్లగా పూసినంత మాత్రాన ఒకటి కావనీ, గంధరాజం అసలు కాఫీ మొక్కకు చుట్టమనీ, మన కొండల మీది బిక్కి చెట్టుకు మరీ దగ్గర బంధువనీ చెప్పుకుపోయేదాన్ని. కరివేపాకు కోసం వచ్చిన ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి ఇదంతా విని, కరివేపాకు సంగతి మరిచిపోయి వెళ్లిపోయిన రోజులున్నాయి.

అమ్మాయిల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం నా ఉద్యోగం. ఇంట్లో చెప్పడం నా జబ్బు. పప్పులో పసుపు వేస్తూ కర్‌క్యుమిన్ అంటాను, చారులో మిరియాలు వేస్తూ పైపెరిన్ అంటాను. మా ఆయన పోర్టులో క్రేన్ల మరమ్మతు చూస్తారు. పగలంతా యంత్రాల రొదలో ఉండి వచ్చే మనిషికి నా గొంతు పెద్దగా ఆనదు. మా అత్తగారు మాత్రం శ్రద్ధగా వింటారు. శ్రీకాకుళం వైపు పల్లెలో సొంత పొలంలో నాట్లేసిన మనిషి ఆవిడ. సీతమ్మధారలో మా ఫ్లాటుకు వచ్చాక చేతికి పని చాలక, పూర్ణా మార్కెట్‌కు వెళ్లి బేరాలాడి రావడం, మిగతా వేళల్లో నా పాఠాలు వినడం వ్యాపకంగా పెట్టుకున్నారు.

గంధరాజం మొక్క కొన్నప్పుడు నేను ముద్ద పువ్వుల రకం అడిగాను. నర్సరీ వాడు రేక పువ్వుల రకం ఇచ్చాడు. మొదట తిట్టుకున్నాను గానీ, ముద్ద రకం కాయ కాయదు, రేక రకం కాస్తుంది. ఒక చలికాలం నాటికి మా మొక్కకు నిలువు గీతలున్న చిన్న చిన్న కాయలు పట్టి, నారింజ రంగుకు తిరిగాయి. ఇక నన్ను పట్టేవారు లేకపోయారు. చీనా వైద్యంలో జ్వరానికీ కామెర్లకూ వాడే కాయ అది. అందులో క్రోసిన్ ఉంటుంది, కుంకుమపువ్వుకు ఆ రంగునిచ్చే పదార్థం అదే. జెనిపోసైడ్ ఉంటుంది, వాపులు తగ్గిస్తుందని దాని మీద పరిశోధనలు నడుస్తున్నాయి. ఈ సంగతి చెప్పగానే అత్తగారి కళ్లు మెరిశాయి.

"అయితే కసాయం కాసుకోని తాగీమంటావేటి?"

"వద్దత్తయ్యా! మోతాదు మించితే కాలేయానికి దెబ్బ. నోట్లో వేసుకునేది కాదు."

"మరి ఒంటికి రాసుకుంటే?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నా మనసులో అప్పటికే ఉంది. నాకు రెండు బుగ్గల మీదా మంగు. పౌడరు వేస్తే పిండి చల్లినట్టుంటుంది, వేయకపోతే మసి అంటినట్టుంటుంది. ఆ వచ్చే సోమవారం మా కాలేజీలో ఔషధ మొక్కల మీద ఉపన్యాసం నాది. వేదిక, ఫొటోలు, పక్కన ప్రిన్సిపాల్ గారు. విద్యార్థినులకు విజ్ఞానం పంచడం కంటే ఫొటోలో బుగ్గలు ఎలా పడతాయన్న దిగులే నాకు ఎక్కువగా ఉండేది.

శుక్రవారం ఎండిన కాయలను మిక్సీలో పొడి చేశాను. నానబెట్టిన బాదంపప్పు తొక్క తీసి రుబ్బాను. రెండూ పెరుగులో కలిపి, మూతపెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. "సారం దిగాలి కదా" అని అత్తగారికి చెప్పాను. మర్నాడు రెండో శనివారం, సెలవు. మూత తీస్తే పసుపు ముద్ద అంచుల్లో ఆకుపచ్చగా తిరిగి ఉంది.

"ఈ పచ్చ రంగేటమ్మా?" అన్నారు అత్తగారు.

"క్లోరోఫిల్" అన్నాను, రెప్ప వేయకుండా. పండి ఎర్రబడిన కాయలో క్లోరోఫిల్ ఎక్కణ్నుంచి వస్తుందని ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల కూడా అడుగుతుంది. నన్ను నేను ఆ మాట అడగలేదు.

నేను బుగ్గలకూ నుదుటికీ పట్టించుకున్నాను. మిగిలింది పారబోయడం ఇష్టంలేక అత్తగారు మొహమంతా, మెడ దాకా, చేతులకు మోచేతుల దాకా పూసుకున్నారు. ఇద్దరం ఫ్యాను కింద కూర్చుని ఆరబెట్టుకున్నాం. కడిగాక అద్దంలో చూసుకుంటే పసుపు రాసుకున్న పెళ్లికూతుళ్లలా ఉన్నాం. "సూడు, ఎంత నిగనిగలాడతన్నానో" అని అత్తగారు మురిసిపోయారు. భోజనాలు చేసి ఇద్దరం పడుకున్నాం.

సాయంత్రం ముందు లేచింది నేనే. అత్తగారు చాప మీద అటు తిరిగి పడుకున్నారు. తల కింద పెట్టుకున్న చెయ్యి నీలంగా ఉంది. ఊపిరాడక ఒళ్లు నీలమైందనుకుని "అత్తయ్యా!" అని అరిచి కుదిపేశాను. ఆవిడ ఉలిక్కిపడి లేచి, నా వైపు చూసి, నాకంటే గట్టిగా అరిచారు.

"ఓలమ్మో! ఆ మొకవేటే అలగయిపోనాది?"

అద్దం దగ్గరికి పరుగెత్తాం. ఇద్దరం సిరా సీసాలో మునిగి లేచినట్టున్నాం. నావి బుగ్గలూ నుదురూ. ఆవిడకు కళ్ల చుట్టూ వలయాలు తప్ప మొహమంతా.

అప్పుడు గుర్తొచ్చింది. బాదంపప్పులో చక్కెర బంధాన్ని తెంచే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. అది జెనిపోసైడ్ నుంచి చక్కెరను విడగొడితే జెనిపిన్ మిగులుతుంది. జెనిపిన్‌కు ప్రొటీన్ తగిలితే నీలం రంగు పుడుతుంది. మన చర్మమంటే ప్రొటీనే. ఇందులో ఒక్క ముక్క కూడా నాకు తెలియనిది కాదు. సోమవారం ఉపన్యాసంలో చెప్పబోతున్నది కూడా ఇదే. తెలిసినదంతా బుర్రలో ఒక గదిలో పెట్టి తాళం వేసి, బయట మంగు గురించి బెంగపడుతూ కూర్చున్నాను.

సబ్బు, నిమ్మచెక్క, కొబ్బరినూనె, చివరికి టూత్‌పేస్టు కూడా అయ్యాయి. నీలం మీద ఎరుపు వచ్చి ఊదారంగు తేలింది తప్ప ఇసుమంత కదల్లేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ తలెత్తి చూసి, ఒక చెప్పు కాలికే ఉంచుకుని ఆగిపోయారు.

"ఏటైంది?"

"జెనిపిన్" అన్నాను.

"ఎవరావిడ?"

ఆ రాత్రికి వంట చేయలేదు గానీ డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లాం. వీధి చివరే చర్మవ్యాధుల క్లినిక్. డాక్టరు గారు దూదితో తుడిచి చూసి, హాని ఏమీ లేదనీ, పై చర్మం రాలేకొద్దీ అదే పోతుందనీ చెప్పారు. తర్వాత మర్యాదగా అడిగారు.

"మీరేం చేస్తుంటారమ్మా?"

నేను గొంతు తగ్గించి "టీచర్ని" అన్నాను.

"కెమిస్ట్రీ టీచరు బాబూ, కెమిస్ట్రీ!" అన్నారు అత్తగారు పక్కనుంచి. డాక్టరు గారు తలవంచుకుని చాలాసేపు పెన్ను మూత వెతుక్కున్నారు. మూత ఆయన చేతిలోనే ఉంది.

ఇంటికొచ్చి సోమవారానికి సెలవు పెట్టాలని తీర్మానించుకున్నాను. జ్వరమని చెప్పవచ్చు. మా ఆయన కూడా అదే మంచిదన్నారు.

ఆదివారం పొద్దున్న, ఎప్పటిలాగే చేపల బేసిను నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి చేపలావిడ వచ్చింది. ఆవిడది సముద్రం ఒడ్డు పేట, ఇంటి మగవాళ్లు వేటకు వెళ్తారు. అత్తగారికి వారం వారం బేరంతో పడ్డ స్నేహం. నేను కర్టెన్ వెనక దాక్కుని ఉండగా అత్తగారు కొంగైనా కప్పుకోకుండా దిగి వెళ్లిపోయారు. బాల్కనీలోకి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఓలప్పా! ఏటే ఆ మొకం? దెబ్బేటైనా తగిల్నాదేటి?"

"దెబ్బ కాదు, ఏటీ కాదు. మా కోడలు సేసిన మందు."

"మందా? ఇలగ నీలంగా ఉంటాదేటి?"

"నీకు తెల్దు ఊరుకో. గందరాజం కాయలో ఏదో ఉంటాదట. దానికి బాదంపప్పు తగిల్తే ఇలగ రంగొస్తాదట. రేపు కాలేజీలో పిల్లలందరికీ ఇదే సెప్తాది. మామూలు సదువు కాదు దాంది!"

"నొప్పేటీ లేదు గదా?"

"ఏటీ లేదు. ఇద్దరం రాసుకున్నాం."

తొంగి చూశాను. అత్తగారు రెండు చేతులూ చాపి ఎండలో తిప్పి తిప్పి చూపిస్తున్నారు, కొత్త గాజులు చూపించినట్టు. చేపలావిడ వేలితో గీకి చూసి, "మా కోడలికి రొట్టె కాల్సడం కూడా రాదు" అని నిట్టూర్చింది. నా గురించి అంత గొప్పగా ఎవరైనా చెప్పగా నేను విన్నది అదే మొదటిసారి. అదీ నేను జ్వరమని అబద్ధం అల్లుకుంటున్న వేళ. కర్టెన్ వెనక నుంచి బయటికి రావడానికి కాసేపు పట్టింది.

సోమవారం మాస్కు పెట్టుకుని కాలేజీకి వెళ్లాను. నుదుటి మీద నీలం ఎలాగూ దాగలేదు. వేదికెక్కి మైకు ముందు మాస్కు తీశాను. ప్రిన్సిపాల్ గారు కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నారు. సిద్ధం చేసుకున్న ఉపన్యాసం వదిలేసి, శుక్రవారం మిక్సీ దగ్గర మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. క్లోరోఫిల్ దగ్గరికి వచ్చేసరికి ముందు వరుస నవ్వడం మొదలెట్టింది. "ఎవరావిడ" దగ్గర హాలు హాలంతా విరగబడింది. ఆ నవ్వుల మధ్యే జెనిపోసైడ్ జెనిపిన్‌గా మారడం బోర్డు మీద వేశాను. ఎన్నడూ తలెత్తని వెనక బెంచీల వాళ్లు కూడా రాసుకున్నారు. బిక్కి బంకలో గార్డెనిన్ అనే మరో రకం పదార్థాలుంటాయని చెప్పాను. మందుగా పనిచేసే పదార్థం పక్కన ఏం తగిలితే ఏమవుతుందో తెలియకుండా వంటింట్లో మందులు చేయకూడదని కూడా చెప్పాను. ఆ మాట చెప్పడానికి ఆ రోజు ఆ ఊళ్లో నాకంటే అర్హురాలు లేదు.

చివర్లో ఒకమ్మాయి లేచింది.

"మేడమ్, ఇంతకీ మంగు పోయిందా?"

"నీలం పోతే గానీ తెలీదమ్మా" అన్నాను.

నీలం ఒకేసారి పోలేదు. సముద్రపు గాలికి గోడ సున్నం రాలినట్టు పెళ్లలు పెళ్లలుగా పోయింది. రోజుకో ఆకారంలో తరగతికి వెళ్లాను. పిల్లలు నా బుగ్గ మీద ఒకరోజు శ్రీలంకను, మరోరోజు మామిడిపిందెను గుర్తుపట్టారు. ఆఖరికి మొహం శుభ్రపడ్డాక అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. మంగు ఎక్కడిది అక్కడే ఉంది.

అత్తగారి దిగులు మాత్రం వేరు. గాజువాకలో బంధువుల ఇంట్లో సీమంతం నాటికి ఆవిడ రంగు గోళ్ల చుట్టూ తప్ప మిగల్లేదు. అక్కడ ఆడవాళ్లందరికీ ఆ గోళ్లే చూపించి, "మొన్న రావలిసింది, అప్పుడు సూడాల మీరు" అంటూ నన్ను వాళ్ల మధ్యకు లాక్కెళ్లి కూర్చోబెట్టారు. నేను గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాను.