తొట్టిలోంచి జవాబు

మా ఆయనకు భయాలెక్కువ. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, సూది చూస్తే కళ్లు తిరిగేవి. "ఇంట్లో ఒకరికి ధైర్యముంటే చాలని చూసి చేసుకున్నాను" అని నన్ను చూపించి అందరికీ చెప్పేవారు. అలాంటి మనిషి బతుకంతా తొట్టిలో దిగే పని చేశారు. ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లంతా మంచివాడన్నారు. ప్రతిసారీ వణుకుతూ దిగేవాడని ఎవరూ అనలేదు.

ఫొటోలు అచ్చువేసే కాగితానికి పూత పూసే మిల్లు మాది. మామూలు కాగితం మీద సిరా పడితే ఊరిపోయి బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని మెత్తటి సిలికా పొడి, నీళ్లు, జిగురు, ఆ జిగురు బిగియడానికి కాస్త బోరాక్స్ కలిపి కాగితం మీద పలచగా పరుస్తారు. చల్లార్చి పేరుకోనిచ్చి, నిదానంగా ఆరబెడతారు. తొందరపడితే పూత బీటలు వారుతుంది. నేను కాగితాలు ఏరే గదిలో ఉండేదాన్ని. పూత ఏ వైపుందో కంటికి తెలియకపోతే మూలను పెదవికి ఆనిస్తాం. పూతున్న వైపు తడికి అంటుకుంటుంది.

ఈ పూతతో చిక్కేమిటంటే, వెచ్చగా ఉన్నంతసేపే పాలలా పారుతుంది. వేడినీళ్ల గొట్టం మొరాయించిందా, తొట్టిలోనే గడ్డపెరుగులా పేరుకుపోతుంది. అప్పుడు మా ఆయన చెక్కపార పట్టుకుని లోపలికి దిగాలి. అక్కడ కలిపే రెక్కలుంటాయి, మనిషి చేతికంటే పొడవు. అందుకే దిగేవాడు ఆ తొట్టి ఫ్యూజు పీకి తన జేబులోనే పెట్టుకోవాలి. పైన నిచ్చెన మీద ఒకరు కూర్చుని పలకరిస్తూ ఉండాలి, లోపలివాడు పలుకుతూ ఉండాలి. ఆ పలకరింపుకు నన్ను తప్ప ఎవర్నీ ఒప్పుకునేవారు కాదు.

ఆ రోజు కూడా అలాగే కూర్చున్నాను.

"ఉన్నారా?"

"లేను. బజారుకెళ్లాను."

"సరిగ్గా చెప్పండి."

"ఉన్నానే తల్లీ. మోకాళ్ల దాకా కూరుకుపోయి ఉన్నాను. పై సగం భయపడి ఎప్పుడో ఇంటికెళ్లిపోయింది."

నవ్వాను. నవ్వు ఆగాక గదిలో ఏదో తక్కువైనట్టనిపించింది. గోడ అవతల ఆరబెట్టే యంత్రం హోరు ఉంది. దాని కింద వినబడాల్సిన గొణుగుడు లేదు. పొద్దున్నుంచీ తిరుగుతున్న పక్క తొట్టి ఆగిపోయింది.

అంటే, ఆయన జేబులో ఉన్నది పక్క తొట్టి ఫ్యూజు. రెండు తొట్లూ కవలలు, రెండు ఫ్యూజులూ కవలలే, ఫ్యూజు పెట్టెల మీదా మీటల మీదా ఉన్న అంకెలు ఎప్పుడో పూత చిందులకు కనబడకుండా పోయాయి. ఆయన తొట్టి రెక్కల్ని ఆపి ఉంచింది ఒక్క మీట.

"ఏవండీ, పైకి రండి."

"కాలు ఇరుక్కుందే, ఆగు."

అప్పుడే సూపర్‌వైజరు వచ్చాడు. మనిషి మొహం కంటే మణికట్టే ఎక్కువ చూసుకుంటాడని అతన్ని అందరం గడియారం అనేవాళ్లం. పక్క తొట్టి ఆగిందని గొణుక్కుంటూ మీటల దగ్గరికి వెళ్లాడు. ఏ మీట దేనిదో తెలియదు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి నొక్కడం మా మిల్లులో అందరికీ అలవాటే. ఫ్యూజు తీసిన తొట్టి ఎలాగూ తిరగదు కదా!

మొదటి మీట నొక్కాడు. ఏమీ తిరగలేదు. అరిచాను. హోరులో మాట తెలియక, రోజూ వినే పలకరింపే అనుకున్నాడేమో, తిరిగి చూడలేదు. అతని వేలు రెండో మీట వైపు జరిగింది.

కాలి చెప్పు తీసి విసిరాను. మెడ మీద తగిలింది. అతను తిరిగేలోపు నిచ్చెన దిగి పరుగెత్తి మీటలకు వీపు ఆనించి నిలబడ్డాను.

"చెప్పుతో కొడతావా? పిచ్చిగానీ పట్టిందా?"

"తీసింది పక్కదాని ఫ్యూజండీ! ఆయనది పెట్టెలోనే ఉంది!"

గడియారం మొహం పాలిపోయింది. మిగిలిన ఫ్యూజు తనే పీకాడు.

తొట్టిలోంచి కేక. "ఉన్నావా?"

నేను మీటలకు ఆనించిన వీపు తియ్యలేదు.

"ఉన్నావా? ఒసేయ్, పలుకు!"

"ఉందయ్యా, ఉంది!" అని గడియారమే అరిచాడు. "నీకంటే గట్టిగానే ఉంది."

నడుము దాకా తెల్లగా బయటికొచ్చిన మా ఆయన జేబులోది తీసి, గడియారం చేతిలో ఉన్నదాని పక్కన పెట్టి చూసుకున్నారు. తర్వాత నా పాదాల వైపు చూసి, "రెండో చెప్పు భద్రంగా ఉంచు" అన్నారు.

నేను ఏరే గదికి వెళ్లి పనిలో కూర్చున్నాను. కాగితం మూల పెదవికి ఆనించాను. అంటుకోలేదు. తిప్పాను. అటూ అంటుకోలేదు. ఇంకోటి తీశాను, ఇంకోటి. ఏ వైపు చూసినా వట్టి కాగితమే. నా పెదవులు అంతగా ఎండిపోయాయని తెలియడానికి కాసేపు పట్టింది.

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు, చేతిలో గ్లాసు. వచ్చేలోగా సగం నీళ్లు చొక్కా మీదే ఒలికిపోయాయి.

"ఉన్నావా?" అన్నారు.

ఆ సగం గ్లాసూ తాగి, అప్పుడు చెప్పాను, ఉన్నానని.