సబ్బు మేస్త్రి తల

సబ్బుల ఫ్యాక్టరీ మేస్త్రి ఓ రోజు కూతురి షాంపూ సీసాని పెరట్లోకి గిరవాటేసి, "సబ్బు పెట్టిన కూడు తింటూ తలకి షాంపూనా?" అని ఎగిరాడు. తల్లీకూతుళ్ళు లోపలికి పోయారు. పెద్ద రాజ్యం గెలిచినట్టు వాడు మీసం మెలేశాడు. గోడవతల పెద్దమ్మకి ఒళ్ళు మండింది. మగతనమంతా ఓ సీసా మీదా!

అప్పట్నించీ ఆ ఇంట్లో తలలకి ఫ్యాక్టరీలో మిగిలిన సబ్బు తరుగే. ఆడవాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. మేస్త్రి జుట్టే కొబ్బరి పీచయింది, దువ్వెన పళ్ళు విరిగాయి.

నిన్న పెద్దమ్మ గుమ్మంలోకి పిల్లిలా వచ్చాడు.

"పెద్దమ్మా, రేపు మేనేజరు పక్కన నిలబెట్టి నాకు ఫొటో తీస్తారు."

"నీ సబ్బుందిగా నాయనా!"

వాడు తల గోక్కున్నాడు.

"నీ షాంపూతో ఒక్కసారి నా తల రుద్దు. మా ఆవిడకి మాత్రం చెప్పకు."