పొయ్యొస్తే వచ్చే డబ్బులు

మా పక్కింటి శ్రీలత డిగ్రీ రెండో ఏడు చదువుతూనే ఇన్సూరెన్స్ ఏజెంటుగా చేరింది. ఈ రోజుకల్లా ఒక్క పాలసీ అయినా కట్టించకపోతే పనిలో ఉంచరట. పొద్దున రెండిళ్లలో "మీరు పోతే ఇంట్లోవాళ్లకి డబ్బులొస్తాయి" అన్నందుకు తిట్టి పంపించారు. అందుకని సాయంత్రం మా ఇంటికి మహా జాగ్రత్తగా వచ్చింది.

"బాబాయ్, రేపు నువ్వు పొయ్యొస్తే పిన్నికి డబ్బులొస్తాయి" అంది.

"పొయ్యొస్తే ఎందుకిస్తారమ్మే? పోయినోడు తిరిగి రాకుంటేనే గదా ఇచ్చేది!" అన్నాను.

పిల్ల మొహం చిన్నబోయింది. "ఇంకెట్ట చెప్పేది బాబాయ్? పోతే అంటే తిడతా ఉండారు, పొయ్యొస్తే అంటే నువ్వు నవ్వతా ఉండావు."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "సంతకం పెట్టయ్యా. నువ్వు యాడికి పోయినా అన్నం టయానికి వచ్చేస్తావు. నాకెటూ ఆ డబ్బులు రావులే."

పెట్టాను. శ్రీలత ఆ సంతోషంలో కాగితాలు సర్దుకుని, "పోతన్నా బాబాయ్!" అంటూ గడప దాటింది.

"పొయ్యొస్తానని చెప్పమ్మే!" అని మా ఆవిడ వెనకనుంచి కేకేసింది.

ఏం చెబుతుంది పాపం, ఉన్న ఆ ఒక్క మాటా నా దగ్గర వాడేసింది. మీ ఊళ్లో ఏజెంట్లు ఈ ముక్క ఎట్లా చెబుతారో కాస్త రాయండి. రేపు ఎదురింటికి వెళ్తుందట.