చూసిన రోజులకు గడి లేదు

నల్గొండ కోర్టులో మా ఆయన పేదల తరఫున సర్కారు ఖర్చుతో వాదించే వకీలు. ఆయన కాగితాలు టైపు చేసేది నేను. నేను బడికి పోలేదు. అక్షరాలూ పంచాంగమూ మా బాపు ఇంట్లోనే నేర్పాడు. ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ ఏడు కేతేపల్లి హమాలీ ఒకతని కేసు వచ్చింది. అమావాస్య నాడు, మూసి ఉన్న వడ్ల దుకాణంలో గల్లాపెట్టె పగిలింది. అతను ఆ దుకాణం గోదాములోకి పోవడం సీసీ కెమెరాలో ఉందని పట్టుకుపోయారు. జమానతు నిలబడేవాళ్లు లేక జైల్లోనే ఉన్నాడు.

"ముందటి దినం ఆడికి పనికి పోయిన సారూ. అమావాస్య నాడు ఇల్లు కదల్లే" అన్నదొక్కటే అతని మాట.

పోలీసులు చూపించింది నాలుగు నిమిషాలు. అడిగి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఆరు కెమెరాల్లో రోజంతా జరిగినది ఉంది.

"గదంత ఎవరు చూస్తరే? తప్పు ఒప్పుకొమ్మను, జల్ది బయటపడతడు" అన్నాడు తోటి వకీలు.

నాకు ఒళ్లు మండింది. మా ఆయనకు పొద్దంతా కోర్టు. దేవుడి దగ్గర దీపం పెట్టి, వంట ముగించి, నేనే కూర్చున్నాను. తొమ్మిదో రోజు, వాకిలి వైపు కెమెరాలో నలుగురు హమాలీలు బస్తాలు మోస్తూ కనబడ్డారు. మూలన తారీఖు చూస్తే అమావాస్యదే.

"జర ఇటు చూడుండ్రి. అమావాస్య నాడు హమాలీ బస్తా ముడతడా?"

మా ఆయన వంగి చూశాడు. "ముట్టడు. అంటే ఇది ముందటి దినంది! కెమెరా తారీఖే ఒక దినం ముందు నడుస్తాంది."

బోనులో నిలబడ్డ దుకాణదారు, అమావాస్య నాడు బస్తా కదల్లేదని ఒప్పుకున్నాడు. కేసు కొట్టేశారు. హమాలీ ఇంటికి చేరాడు, దేవుడి దయ.

సర్కారుకు పెట్టే ఫీజు కాగితంలో బెయిలుకు గడి ఉంది, వాయిదాలకు ఉంది. చూసిన రోజులకు లేదు. అడుగున నేనే ఒక వరుస టైపు చేశాను: కెమెరా దృశ్యాలు చూచుట, తొమ్మిది దినములు. ఫీజులిచ్చే ఆఫీసులో గుమాస్తా దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

"అమ్మా, టీవీ చూసినందుకు గూడ పైసలా? గట్లయితే మా ఇంటామెకు ఎంత రావాలె!"

గదిలో అందరూ నవ్వారు. నాలుగు నిమిషాలు చూసి మనిషిని లోపలేసిన వాళ్ల జీతం ఒక్క రోజు కూడా ఆగలేదు. మిగిలిందంతా చూసినందుకు మాకు ఆ నవ్వు. ఆ తోటి వకీలు ఎందుకు అట్లా అన్నాడో అప్పుడు తెలిసింది, కోపం రెట్టింపయింది.

ఆ వరుసను ఇప్పటికీ కెమెరా చూసిన ప్రతి కేసుకూ టైపు చేస్తాను. ప్రతిసారీ ఎర్ర గీతతో తిరిగొస్తుంది.