మ్యాపులక్క తమ్ముడి దారి

రేవు మొదట్లో, తాళ్ల కొట్టుకీ ఐసు గోదాముకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆమెది. ఒకప్పుడు అక్కడ రేడియోలు బాగుచేసేది. తెరచాప పడవలవాళ్లు కూడా టాబ్లెట్లు కొనడం మొదలుపెట్టాక, వాటిలో సముద్రపు మ్యాపులు ఎక్కించడం, గాలి ఎటు మళ్లుతుందో, నీళ్లు ఎక్కడ లోతో చూసుకోవడం నేర్పించడం ఆమె పనైపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లే లేకుండా పోయారు. రేవంతటికీ ఆమె మ్యాపులక్క.

పడవలు నడిపే సరంగుల్లో చదువు రానివాళ్లకు ఆమె ఒక ఉపాయం చెప్పింది. రాళ్లున్న చోటో, చేరాల్సిన చోటో మ్యాపు మీద గుర్తు పెట్టి, దానికి సొంత గొంతులో ఓ మాట తగిలిస్తే చాలు. పడవ దగ్గరికి రాగానే టాబ్లెట్ ఆ మాట పలుకుతుంది. ఒకాయన పనిగట్టుకుని పెళ్లాం చేత తిట్లు రికార్డు చేయించుకున్నాడు. "ఆవిడ అరిస్తే తప్ప నా చెవికెక్కదు" అనేవాడు.

ఆమె తమ్ముడికీ ఒక తెరచాప పడవ ఉండేది. కిందటేడు వానలకు ముందు బయలుదేరి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. రేవులో పడవలన్నీ వెళ్లి గాలించాయి. చెక్కముక్క కూడా దొరకలేదు. వాళ్లమ్మ ఏడవలేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే, "వాడు రాగానే మీరొచ్చారని చెబుతాను లెండి" అని లోపలికి వెళ్లిపోయేది.

ఒక మంచు ఉదయం మ్యాపులక్క షాపు తెరిచి తన టాబ్లెట్ ఆన్ చేసింది. అందులోని మ్యాపు యాప్‌లో రేవు పడవలన్నీ, వాటి టాబ్లెట్లను బట్టి, చిన్న చిన్న త్రికోణాలుగా కనిపిస్తాయి. వాటి మధ్య తమ్ముడి పడవ గుర్తు నీలంగా వెలిగింది. కదులుతోంది. రేవు వైపే వస్తోంది.

ఆమె గడప దగ్గరికి పరుగెత్తింది. తాళ్ల కొట్టులో కూర్చున్న పెదనాన్నను కేకేసింది. ఆయన పాతకాలపు సరంగు, ఏది చూసినా నాలుగు మాటలనకుండా ఊరుకునే మనిషి కాదు. ఆ తెర చూసి మాత్రం నేరుగా చెప్పులు తొడుక్కున్నాడు.

ఇద్దరూ వెళ్లి గట్టు చివర నిలబడ్డారు. ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. తెర మీద నీలం త్రికోణం రేవులోకి వచ్చింది, మలుపు తిరిగింది, తమ్ముడు పడవ కట్టే గుంజ దగ్గరే ఆగింది. అప్పుడు మంచులోంచి తెరచాప ఒకటి బయటపడింది. కలప మోసే పరాయి పడవ అది.

దాని సరంగు బక్కపలచటి మనిషి. గట్టు మీదికి తాడు విసురుతూ, "ఇది ఏ రేవమ్మా?" అని అడిగాడు.

"తెలియకుండానే వచ్చావా?" అన్నాడు పెదనాన్న.

"నేను రావడం కాదండీ, ఇది తీసుకొచ్చింది." అతను ఒక టాబ్లెట్ చూపించాడు. దాని వెనక మ్యాపులక్క షాపు స్టిక్కరు సగం చెరిగి ఉంది. తమ్ముడిదే. "అవతలి ఒడ్డున ఇసుకలో దొరికింది. ఆరబెట్టి చార్జింగ్ పెడితే లేచి కూర్చుంది. నేను ఎటు దారి వేసుకున్నా నడిసముద్రంలో ఒకచోటికి తిప్పి, అక్కడినుంచి ఇటు చూపిస్తుంది. ఆ చోటు దగ్గర దీని లోపల ఎవడో మాట్లాడతాడు. వినగానే పడవ పక్కకు తిప్పేస్తాను. మావాళ్లు హడలి చస్తున్నారు."

"ఏమంటాడు?" అడిగింది ఆమె.

"నా నోటితో చెప్పలేను తల్లీ. నువ్వే విను."

మంచు విడిపోయాక, అతని మనుషుల్ని గట్టు మీదే వదిలి, ముగ్గురూ అదే పడవలో బయలుదేరారు. మధ్యాహ్నానికి గాలి పూర్తిగా పడిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. అయినా పడవ ముందుకు జారుతూనే ఉంది. "నీటి లాగుడేలే" అన్నాడు పెదనాన్న, ఎవరూ అడక్కుండానే.

టాబ్లెట్ గరగరలాడింది.

"అక్కా, ఇక్కడే. తెరచాప దించెయ్."

తమ్ముడి గొంతే. పక్కగదిలోంచి పిలిచినంత మామూలుగా ఉంది. ఆమె లేచి, తాడు విప్పి, తెరచాప దించింది. ఎందుకు దించావని తర్వాత ఎంతమంది అడిగినా ఆమె చెప్పేది ఒకటే. వాడు చెప్పాడు, తను చేసింది, అంతే.

పెదనాన్న పడవ అంచు మీంచి వంగి చూసి, "అమ్మాయ్, నువ్విటు రాకు" అన్నాడు. ఆమె అప్పటికే చూసేసింది. పచ్చటి నీళ్ల అడుగున, ఏ మ్యాపులోనూ లేని రాతితిన్నె మీద, తెరచాప కొయ్య ఒకటి ఒరిగి ఉంది. దానికి చుట్టుకున్న గుడ్డ, ఎవరో చెయ్యి ఊపుతున్నట్టు, మెల్లగా ఆడుతోంది.

మర్నాడు గజ ఈతగాళ్లు దిగారు. తమ్ముడు పడవలోనే ఉన్నాడు. కొట్టుకుపోకుండా చుక్కాని దగ్గర తాడుతో తనను తాను కట్టుకున్నాడు. ఆ సంగతి వాళ్లమ్మకు చెప్పారు. "ఎంత ఆకలేసి ఉంటుందో వాడికి" అంది. అప్పుడు ఏడ్చింది.

అన్నీ అయ్యాక మ్యాపులక్క షాపు తలుపు వేసుకుని ఆ టాబ్లెట్ అంతా వెతికింది. రాతితిన్నె దగ్గర ఏ గుర్తూ లేదు. వేసిన దారి లేదు. రికార్డు చేసిన మాట ఒక్కటీ లేదు. మళ్లీ అక్కడికి తీసుకెళ్లి చూసింది. అది పలకలేదు. ఆమె ఆ రాతితిన్నెను రేవులో అందరి టాబ్లెట్లలోనూ ఎర్రగా గుర్తు పెట్టింది.

కలప సరంగు ఆ టాబ్లెట్‌ను మళ్లీ ముట్టుకోలేదు. కొత్తది కొనుక్కుని ఆమె దగ్గరికే తెచ్చాడు.

"మ్యాపులు తర్వాత ఎక్కిద్దువు గానీ, ముందు ఇందులో ఎవరైనా ఉన్నారేమో చూడు తల్లీ."

ఆమె నవ్వలేదు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది.

"ఎవరూ లేరు బాబాయ్" అని చెప్పి, చార్జింగ్ పెట్టింది.