దాని చెయ్యి మంచిది

ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఒక మనిషిని మెచ్చుకున్నాను. నా తప్పు అదే.

మాది గద్వాల పక్క, మల్దకల్ దగ్గరి పల్లె. తొమ్మిదో తరగతిలో నా పక్కన సువార్త కూర్చునేది. వాళ్లమ్మ కూలికి పోయేది. నేను కోడి కూయకముందే లేచి బట్టీ పట్టేదాన్ని. సువార్త ఒకసారి వినేది, అంతే. అయినా ఫస్టు ర్యాంకు ఆమెదే. సారు నా పేరు రెండోదిగా పిలిచి, "ఫర్వాలేదమ్మా" అనేవాడు. ఆ ఫర్వాలేదుకే నాకు కడుపు మండేది.

మా నాయిన సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పండించే పత్తి, వేసేవాడు. ఆ పంటకు క్రాసింగు చేయాలి. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గను విప్పి, లోపల పుప్పొడి ఉండే భాగాన్ని గోటితో తీసేస్తారు. పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి రాస్తారు. మొరటు చెయ్యి పడితే మొగ్గ రాలిపోతుంది. అందుకే ఆడపిల్లల కోసం వెతికేవాళ్లు. ఒక సెలవునాడు సువార్త మా చేనికి వచ్చింది. ఆమె ముట్టిన మొగ్గలు రాలలేదు. ఆ సంగతి నాయిన మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు.

మూడు నెలల పరీక్షలు దగ్గరపడ్డాయి. మనుషులు దొరకడం లేదని నాయిన అన్నం ముందు కూర్చుని పరేషాన్ అవుతున్నాడు.

"సువార్తను పిలువు నాయినా. దాని చెయ్యి మంచిగుంటది" అన్నాను.

అబద్ధం కాదు. ఎవరూ తప్పుపట్టలేని మాట. అనేటప్పుడు నాకు తెలుసా? తెలుసు. పువ్వు పరీక్షలున్నాయని ఆగదనీ, క్రాసింగుకు దిగిన పిల్లను మధ్యలో వదలరనీ, వాళ్లమ్మ మా నాయిన మాట కాదనలేదనీ రైతు బిడ్డనైన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సువార్త బడి మాని క్రాసింగుకు దిగింది. ఒక సాయంత్రం నేను బడి నుంచి నేరుగా చేనికి పోయాను. సువార్త నన్ను చూసి నవ్వింది.

"నా పేరు నువ్వే చెప్పినవంట గదా. మా అమ్మ మస్తు ఖుష్ అయింది. లెక్కల సారు ఇయ్యాల ఏం చెప్పిండు?"

"ఏం చెప్పలే. ఊకె కూసున్నం."

"మంచిగైంది. నేను వచ్చినంక మొదలుపెడ్తడు తియ్."

ఆ రోజు సారు కొత్త పాఠం సగం చెప్పేశాడు.

పరీక్షల్లో నాకు ఫస్టు ర్యాంకు వచ్చింది. సారు నా పేరు ముందు పిలిచాడు. సంబరంగా పక్కకు తిరిగాను. అక్కడ నా సంచి ఉంది.

క్రాసింగు అయిపోయాక సువార్త కొన్నాళ్లు బడికి వచ్చింది. పాఠాలు అందక మానేసింది. పిలుచుకు రావడానికి నేను పోలేదు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్ వైపు ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. చేలకు పోయిన పిల్లల ఇళ్లకు వెళ్లి, బతిమాలి తెచ్చుకుంటాను. టీచరమ్మ మంచిదంటారు. ఆ మాట వింటే ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. మధ్యాహ్నం తోటి టీచర్లంతా కలిసి తింటారు. నేను ఖాళీ క్లాసులో కూర్చుని తింటాను. ఎవరితోనూ చనువు పెంచుకోలేకపోయాను.

మొన్న ఒక పిల్ల అడిగింది, "మార్కుల కోసం గింత కష్టపడాల్నా టీచర్?" అని. పడాలి అన్నాను. అది నిజమే, నాకు ఇంత అన్నం పెట్టింది చదువే. కానీ నేను కష్టపడితే వచ్చింది రెండో ర్యాంకు. నాది అదే. దానితో ఊరుకుని ఉంటే నా పక్కన ఒక మనిషి ఉండేది.

సువార్త ఇటిక్యాల వైపు ఉందని విన్నాను. ఎదురుపడితే, నీవల్లనే పని దొరికిందని ఇప్పటికీ అంటుందేమో. ఆ భయానికే ఊరికి పోవడం తగ్గించాను. క్షమించమని అడగాలంటే ముందు జరిగింది ఆమెకు చెప్పాలి. ఆ ధైర్యం నాకు రాలేదు, వస్తుందని కూడా చెప్పను.

మీకు చెప్పాను. ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు ఇంకొకరికి తెలుసు.